కాలువకి నీళ్లొచ్చిన రోజు

మొన్న జూన్‌లో పాలకొల్లు వైపు ఒక పెళ్లికి వెళ్తున్నాం. మార్టేరు దాటాక, ఏసీ పడక నేను కారు అద్దం దించాను. దించగానే ఆ వాసన వచ్చింది. ఎండి బీటలు తీసిన మట్టి మీదకి కొత్త నీళ్లు ఎక్కుతున్నప్పుడు వచ్చే వాసన. వాన వాసన వేరు, ఇది వేరు. వాన వాసన తేలిగ్గా వచ్చి పోతుంది. ఇది బరువుగా ఉంటుంది. కుళ్లిన ఆకు, నత్తగుల్లలు, పాత బురద అన్నీ ఒక్కసారే తడిసిన వాసన, కొంచెం నీచు కూడా కలిసి. "బాబూ, ముందు ఊళ్లో కాలవ గట్టు పక్కన కాస్త ఆపు" అన్నాను డ్రైవర్‌తో. మావారు వాచీ చూసుకున్నారు. ఐదు నిమిషాలే అని చెప్పాను గానీ, ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదని నాకు తెలుసు.

నరసాపురం కాలువ గట్టు మీదున్న ఆ చిన్న ఊళ్లో నేను పదేళ్లు పెరిగాను. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మేష్టారు. మాది అద్దిల్లు. గుమ్మం దిగి రోడ్డు దాటితే రేవు. ఊరంటే మరీ పల్లెటూరు కాదు, పట్నమూ కాదు. ఒక సినిమా హాలు, రెండు రైసు మిల్లులు, పోస్టాఫీసు, వారానికో సంత. ఊళ్లో ఏం జరిగినా ముందు రేవులో తెలిసేది, తర్వాతే ఇళ్లల్లో తెలిసేది.

తెల్లవారుజామున ఇంకా చీకటుండగానే మొదటి చప్పుడు వినపడేది. ఖాళీ బిందె మెట్టు రాయికి తగిలిన చప్పుడు. ఎవరూ నీళ్లలో కాలు పెట్టకముందే తాగే నీళ్లు ముంచుకోవాలి. ఆ తర్వాత స్నానాలు, ఆ తర్వాత అంట్లు, బట్టలు, ఎండెక్కాక గేదెలు. ఈ వరస ఎక్కడా రాసి లేదు, కానీ ఎవరూ తప్పేవారు కాదు. ఏడో తరగతి పరీక్ష తప్పినవాడి పేరు, పురిటికొచ్చిన అమ్మాయి పేరు, పెళ్లిచూపులకి వచ్చి ఏ సంగతీ చెప్పకుండా వెళ్లినవాళ్ల ఊరు పేరు, అన్నీ ఆ మెట్ల మీదే. అమ్మ తక్కువ మాట్లాడే మనిషి. అయినా రేవు నుంచి వచ్చిందంటే ఆమె దగ్గర ఊరు మొత్తం ఉండేది.

ఒక సంగతి రాయకుండా ముందుకి వెళ్లలేను. మా రేవుకి అందరూ వచ్చేవారు కాదు. పేటవాళ్ల రేవు దిగువన, లాకుల వైపు వేరే ఉండేది. మేం వాడి వదిలిన నీళ్లే వాళ్లకి వెళ్లేవి. చిన్నప్పుడు అది కూడా కాలువ వంపులాగే ఎప్పటినుంచో ఉన్నదనుకున్నాను. నాతో క్లాసులో పక్కన కూర్చున్న అమ్మాయి ఒకరోజు మా రేవు మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని నేను అడగలేదు. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే మనసు నొచ్చుకుంటుంది.

తెచ్చిన నీళ్లు అలాగే తాగడానికి ఉండేవి కావు. వరద రోజుల్లో అయితే టీ రంగులో వచ్చేవి. అమ్మ మట్టికుండలో నీళ్లు పోసి, కుండ లోపల గరుగ్గా ఉన్న చోట చిల్లగింజ పెట్టి గుండ్రంగా అరగదీసేది. ఇండుపగింజ అని కూడా అంటారు. బొత్తామంత గింజ, బూడిద రంగు, పైన నూగులా ఉండేది. రెండు చుక్కల తెల్లటి గంధం నీళ్లలోకి జారేది. కర్రతో ఒకసారి కలిపి మూత పెట్టేసేది. మధ్యాహ్నం మూత తీసి చూస్తే అడుగున వేలెడు బురద, పైన అద్దంలా నీళ్లు. కుండ కదపకుండా పైపైన ముంచడం నాకు అప్పగించిన మొదటి ఇంటిపని. చెయ్యి వణికితే బురద పొగలా లేచేది, మళ్లీ గంటసేపు ఆగాలి. ఒక గింజ నెలల తరబడి వచ్చేది. వాడిన గింజ అరిగి ఒక పక్క నున్నగా, చంద్రవంకలా అయ్యేది. అమ్మ దాన్ని పోపుల పెట్టెలో దాచేది.

పడవలు నాకు బాగా గుర్తు. కొబ్బరికాయలు, ఇటుకలు, పెంకులు, ఇంటి ఎత్తున ఎండుగడ్డి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ముందుకి ఎంత వంగేవారంటే చెయ్యి చాపితే నేల అందేంత. ఆ తాడు మా రేవు మెట్ల మీదుగా వెళ్లేటప్పుడు "తాడమ్మా, తాడు" అని కేకేసేవాళ్లు. ఆడవాళ్లు బిందెలు పక్కకి జరుపుకుని తలలు వంచేవారు. లాకుల దగ్గర పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి నీళ్లు వదులుతుంటే, పడవ మా కళ్ల ముందే మెల్లగా పైకి లేచేది. పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే, మనుషులు చుట్ట కాలుస్తూనే, పడవతో పాటు లేచేవారు. బడి ఎగ్గొట్టి చూడదగ్గ దృశ్యం అది. చూశాను కూడా. మేం ఊరు వదిలే నాటికే లారీలు పెరిగి పడవలు పల్చబడ్డాయి.

ఏప్రిల్‌లో, దాళ్వా (రెండో) పంట చేతికొచ్చే వేళకి, కాలువ కట్టేసేవారు. కట్టేయడమంటే ఎగువన, గోదావరి నుంచి కాలువకి నీళ్లు వదిలే విజ్జేశ్వరం దగ్గర నీళ్లు ఆపేయడం. వారం ముందే ఊళ్లో దండోరా. మంచినీళ్ల చెరువు అంచుల దాకా నింపుకోవాలి, ఆ రెండు నెలలూ ఊరు తాగేది ఆ చెరువే. తూము తెరిచిన రాత్రి మగవాళ్లు వంతులేసుకుని లాంతర్లతో గట్టున కాపలా కూర్చునేవారు. నీళ్లు తగ్గేకొద్దీ రేవులో మెట్లు ఒక్కొక్కటే పైకి తేలేవి. మా రేవుకి పద్నాలుగు మెట్లు. పద్నాలుగోది పాచితో నల్లగా ఉండేది, దాని కింద తాటిదుంగ. అది కనపడితే ఇక కాలువ అయిపోయినట్టే.

నీళ్లు పోయాక కాలువ పిల్లలదే. మొదటి రెండు రోజులు మడుగుల్లో చేపలు. బట్టలన్నీ బురద చేసుకుని ఇళ్లకెళ్లి దెబ్బలు తినేవాళ్లం. తర్వాత నేల గట్టిపడితే క్రికెట్టు. వంతెన దాకా వెళ్లకుండా అవతలి గట్టుకి అడ్డంగా నడిచి వెళ్లిపోవడం అప్పట్లో మాకు పెద్ద సరదా. పెళ్లి బ్యాండు మేళం కూడా ఒకసారి అలాగే కాలువలోంచి అడ్డంగా దిగి ఎక్కింది.

పెద్దవాళ్లకి మాత్రం వేరే పనుండేది. పోయినవి వెతుక్కోవడం. సంవత్సరమంతా రేవులో జారిపోయిన చెంబులు, గరిటెలు, గ్లాసులు, పట్టీలు, ఒక్కోసారి ఉంగరాలు కాలువ అడుగునే ఉంటాయి కదా. అప్పట్లో ఇత్తడి సామానంతటి మీదా పేర్లు కొట్టించేవారు. చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని ఒకాయన సంతలో కూర్చునేవాడు. టిక్ టిక్‌మని చుక్కలు చుక్కలుగా అక్షరాలు దించేవాడు. అందుకని దొరికినది ఎవరిదో తెలిసిపోయేది. తెలియకపోతే మా అరుగు మీద పెట్టి వెళ్లేవారు, మేష్టారు చదివి చెబుతారని.

ఒక వేసవిలో కుర్రాళ్లు ఒక చెంబు తెచ్చారు. పచ్చగా చిలుం పట్టి రాయిలా ఉంది. అమ్మ చింతపండు పెట్టి తోమింది. తోమగా తోమగా మెడ కింద ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరు బయటపడ్డాయి. ఊళ్లో ఆ పేరుగల మనిషి లేదు. నాన్నగారు ఇంటిపేరు పట్టుకుని ఆలోచించి, కిరాణా కొట్టు తాతగారికి కబురు పెట్టారు. ఆయనకి అప్పటికే డెబ్బై దాటాయి. వచ్చి అరుగు మీద కూర్చుని చెంబు చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు బొటనవేలితో ఆ చుక్కల మీద రాస్తూ ఉండిపోయారు. తర్వాత అమ్మ వైపు చూసి, "దీని కోసం మా నాన్న మా అమ్మని కొట్టేడమ్మా" అన్నారు. అంతే. కండువాలో చుట్టుకుని వెళ్లిపోయారు. అమ్మ ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

ఇక నీళ్లొచ్చే రోజు.

జూన్ వచ్చిందంటే ఊరంతా ఒకటే మాట. "విజ్జేశ్వరంలో వదిలారంట." ఆ మాట బస్సు కండక్టర్ తెచ్చేవాడు, కాలువ చూసుకునే లస్కరు తెచ్చేవాడు. అక్కణ్ణుంచి మా ఊరికి రావడానికి ఎన్ని రోజులన్నది నాన్నగారు బోర్డు మీద లెక్క కట్టి చూపించేవారు. దూరం, వేగం, కాలం. అది చేసి ఊరుకునేవారు కాదు, కాటన్ దొర దాకా వెళ్లేవారు. 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తి చేశారనీ, అంతకుముందు పక్కనే గోదావరి పెట్టుకుని కూడా ఈ నేల కరువుతో మాడిందనీ చెప్పేవారు. పాత ఆనకట్ట దగ్గరే కొత్త బ్యారేజీ కడుతున్న రోజులవి. ఒకసారి క్లాసు మొత్తాన్ని చూపించడానికి తీసుకెళ్లారు, వాళ్లతో నన్నూ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఆయన ఆ అంకె చెప్పేటప్పుడు గొంతు మారేది. ఇంత చెప్పినా నీళ్లు మాత్రం ఆయన లెక్క ప్రకారం ఎప్పుడూ రాలేదు. దారిలో ఎండిన నేల ఎంత తాగుతుందో ఏ సూత్రానికీ అందదమ్మా అనేవారు.

వచ్చే ముందు ఎగువ నుంచి కేకలు వినపడేవి. ఒక ఊరి పిల్లలు తమ పొలిమేర దాకా నీళ్లతో పాటు నడిచి, అక్కడ మాకు అప్పగించేవారు. నీళ్లొస్తాయంటే ఉప్పెనలా ఎగిసిపడుతూ వస్తాయని తెలియనివాళ్లు అనుకుంటారు. అలా రావు. కాలువ మధ్యలో ఒక సన్నటి గోధుమరంగు పాయ, దాని అంచున నురగ. ఆ నురగ ముందు ఎండుటాకులు, గడ్డిపోచలు, చీమల గుంపులు, ఎవరిదో తెగిన చెప్పు. నడిచేంత నిమ్మళంగా వచ్చేది. బీట దగ్గరకి రాగానే ఆగేది. బీటలోకి గుటగుటమని దిగి, బుడగలు పైకి తన్ని, అది నిండాక మళ్లీ కదిలేది. పీతలు బొరియల్లోంచి బయటపడి పరుగులు తీసేవి. పైన కొంగలు. మేం నీళ్లకి ఎదురుగా నిలబడి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, కాలి వేళ్లకి తగిలీ తగలకుండా ఊరంతా నడిచేవాళ్లం. వెనక్కి నడిచి పడినవాళ్లకి ముందుగా తడిసిన గౌరవం దక్కేది. రేవు దగ్గరకి రాగానే ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టేవారు. ఏ పంచాంగంలోనూ లేని పండగ అది. సాయంత్రానికి మోకాలి లోతు. మర్నాడు లేచి చూస్తే నాలుగైదు మెట్లు మునిగి ఉండేవి. ఇక నారుమడుల హడావుడి, తూముల దగ్గర తగువులు, సార్వా (మొదటి పంట) మొదలు.

అదే రేవులో ఇంకో రకం రోజు కూడా చూశాను. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన. మా వైపు కూడా గాలికి అరటితోటలు పడుకున్నాయి, చేలు నీళ్లలో వాలిపోయాయి. అయినా రేడియోలో అక్కడి సంగతులు విన్నాక మా నష్టం గురించి ఎవరూ మాట్లాడలేదు. పదివేల మందికి పైగా పోయారన్నారు. ఆ రోజుల్లో రేవులో మాటలు ఆగిపోయాయి. మెట్ల పైన దుప్పట్లు పరిచారు. ఇంటింటి నుంచి చీరలు, పంచెలు, పిల్లల గౌన్లు తెచ్చి వాటి మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవారు. స్కూలు వరండాలో పెద్ద గంగాళాల్లో పులిహోర కలిపి అరటాకుల్లో పొట్లాలు కట్టారు. నా వయసు పిల్లలం తాళ్లు అందించాం. లారీ బయల్దేరేటప్పుడు దిగువ పేటవాళ్లు కూడా మూటలు తెచ్చి ఎక్కించారు. అవీ ఇవీ కలిసిపోయాయి. ఆ ఒక్కరోజు ఎవరూ వేరు చేయలేదు.

బిందె సంగతి చెప్పాలి. అసలు ఇదంతా రాస్తున్నది దాని కోసమే.

మాకు ఈత నేర్పింది ఇత్తడి బిందెలు. ఖాళీ బిందె బోర్లించి, రెండు చేతులతో కౌగిలించుకుని కాళ్లు కొట్టుకుంటూ వెళ్లడమే. లోపల గాలి ఉన్నంతసేపు మునగదు. అమ్మ బిందె పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది. మెడ చుట్టూ తీగలాంటి గీత, దాని కింద అమ్మ పేరు, తాతగారి ఇంటిపేరు, పెళ్లి జరిగిన సంవత్సరం. నడుము దగ్గర చిన్న సొట్ట. అమ్మ చంకలో పెట్టుకుంటే ఆ సొట్ట సరిగ్గా ఎముక మీద కూర్చునేది. నాకు పన్నెండేళ్లప్పుడు, దసరా సెలవుల్లో, అమ్మకి చెప్పకుండా ఆ బిందె తీసుకుని దిగాను. కాలువ నిండుగా ఉంది. మధ్యదాకా వెళ్లాక ఎక్కణ్ణుంచో పడవ తాడు వచ్చి బిందెకి తగిలింది. బిందె ఒరిగింది. బుడబుడమని నీళ్లు లోపలికి పోయిన చప్పుడు నా చెవి పక్కనే వినపడింది. చేతుల్లోంచి బరువుగా, చల్లగా జారిపోయింది. ఎదురింటి పిన్నిగారి అబ్బాయి దూకి నన్ను బయటకి లాగాడు. బిందె కోసం నాలుగుసార్లు మునిగాడు, దొరకలేదు.

నేను ఒళ్లంతా వణుకుతూ ఇంటికెళ్లాను. అమ్మ ముందు నా తల తుడిచింది. తర్వాత అంతా విని, "పోనీలే. ఏప్రిల్లో కాలవ కడతారుగా. పేరుందిగా దాని మీద, ఎక్కడికి పోతుంది" అంది. కిరాణా కొట్టు తాతగారి చెంబు ఆమెకి గుర్తొచ్చిందేమో, అప్పుడు నాకు తట్టలేదు. ఆ తర్వాత నేను రోజులు లెక్కపెట్టాను. రేవుకి వెళ్లినప్పుడల్లా పద్నాలుగో మెట్టు ఎక్కడుంటుందో ఊహించుకుని ఆ నీళ్ల వైపే చూసేదాన్ని.

ఏప్రిల్ రాకముందే, సంక్రాంతి వెళ్లగానే నాన్నగారికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. సామాను లారీకెక్కించి వెళ్లిపోయాం. కాలువ నిండుగా పారుతూనే ఉంది. అమ్మ కొత్త ఊళ్లో స్టీలు బిందె కొనుక్కుంది. ఈ సంగతి మళ్లీ ఎత్తలేదు. అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది.

మొన్న కారు దిగి రేవు వెతుక్కున్నాను. గట్టుకి కాంక్రీటు గోడ కట్టారు. దాని పక్కన మా మెట్లు ఐదు మిగిలాయి, మిగతావి మట్టిలో పోయాయో, కింద ఉన్నాయో. రేవులో ఎవరూ లేరు. ఇప్పుడు ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్ను వస్తుంది. ఎగువ నుంచి నీళ్లు వస్తున్నాయి. అంచున అదే నురగ, దాని ముందు ప్లాస్టిక్ సీసాలు, గుర్రపుడెక్క. బీట దగ్గర ఆగి, గుటగుటమని దిగి, మళ్లీ కదలడం మాత్రం అలాగే ఉంది. ఒక్క పిల్లాడు కూడా ముందు నడవడం లేదు.

ఎదురింటి అరుగు మీద తెల్లటి జుట్టు ముసలావిడ కూర్చుని నన్నే చూస్తోంది. దగ్గరకి వెళ్లాను. పిన్నిగారే. ఎనభై ఐదు పైనే ఉంటాయి.

"ఎవరి తాలూకమ్మా?"

"ఇక్కడ లెక్కల మేష్టారు ఉండేవారు కదండీ, వాళ్లమ్మాయినండి."

కళ్లు చికిలించి చూసింది. నా చెయ్యి పట్టుకుని దగ్గరకి లాక్కుంది.

"బిందె పిల్లవా!"

నాకు నోట మాట రాలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. "మీరెళ్లిన ఏడు కాలవ కట్టగానే మా పెద్దాణ్ణి దింపేనమ్మా. మరుసటేడు కూడా దింపేను. తాటిదుంగ కింద దాకా తవ్వేడు. ఎవరిదో గరిట దొరికింది గానీ బిందె కనపళ్లేదు. మీ అమ్మతో చెప్పు, ఎవరూ తియ్యలేదని. ఉంటే మన రేవులోనే ఉందని చెప్పు."

"చెప్తానండి పిన్నిగారూ" అన్నాను.